పెట్టె మీద పేరు

మిర్యాలగూడ చేయూత క్లబ్ వాళ్లకు సేవ చేయడం కొత్త కాదు. చేసిన సేవను ఫొటో తీయించుకోవడం అసలే కొత్త కాదు. కుట్టుమిషన్ ఇస్తే తీసుకున్న ఆమెను దాని ముందు కూర్చోబెట్టి తీస్తారు. మూడు చక్రాల బండి ఇస్తే మనిషిని ఎక్కించి తీస్తారు. కానీ మార్చిలో ఫ్రీజర్ బాక్స్ కొన్నప్పుడు మాత్రం ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చనిపోయినవాళ్లను అయినవాళ్లు వచ్చేదాకా చెడిపోకుండా ఉంచే పెట్టె అది. దాంట్లో ఎవరిని పడుకోబెట్టి ఫొటో తీస్తారు?

రిబ్బన్ కత్తిరించారు. అద్దం మూత పగులుతుందేమోనని కొబ్బరికాయను దూరంగా తీసుకెళ్లి కొట్టారు. పట్టినంతమంది పెట్టె మీద చేయి వేసి, నవ్వాలా వద్దా తెలియక సగం నవ్వుతో నిలబడ్డారు. అయినా పెట్టె పనిచేస్తున్నట్టు జనానికి చూపించాలి కదా. ప్రెసిడెంట్ శ్రీనివాస్‌కు ఒక ఆలోచన తట్టింది. మజ్జిగ ప్యాకెట్లు తెప్పించి లోపల పేర్పించాడు. కాసేపటికి అవి చల్లబడ్డాయి. తీసి పంచబోతే ఒక్కరూ ముట్టలేదు. ఒకాయనకు జలుబు చేసింది, ఇంకొకాయనకు షుగర్, మూడో ఆయనకు ఫోన్ వచ్చింది.

దీవెన ముందుకొచ్చి ఒక ప్యాకెట్ తీసుకుని, మూల కొరికి, అందరూ చూస్తుండగా తాగేసింది.

"సల్లగున్నయి సార్. కొత్త పెట్టె గద, భయపడకుండ్రి," అన్నది.

దీవెన వేములపల్లి హైస్కూల్లో బయాలజీ టీచర్. క్లబ్బులో పట్టాల అవతలి నుంచి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. రైలు పట్టాలు దాటితే వాళ్ల వాడ, దాటకపోతే మెయిన్ రోడ్డు. మిర్యాలగూడలో మనిషి ఎవరో తెలుసుకోవడానికి ఇంతకంటే ఎక్కువ అడగక్కర్లేదు. అన్ని వర్గాలవాళ్లూ మా దగ్గర ఉన్నారని సూర్యాపేట జోన్ మీటింగులో చెప్పుకోవడానికి ఒక మనిషి కావాల్సొచ్చినప్పుడు ఆమెను పిలిచారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే చేరింది. మర్యాదగా లోపలికి పిలిచినవాళ్లకు బయటికి పొమ్మనడం కష్టమవుతుందని ఆమె లెక్క.

ఫ్రీజర్ బాక్స్ కొందామన్నది కూడా ఆమే. అంతకుముందు ఎండాకాలం వాళ్ల వాడలో ఒక ముసలాయన పోతే, కొడుకు బొంబాయి దగ్గరి భీవండి నుంచి వచ్చేదాకా ఐసుగడ్డలు పెట్టీ పెట్టీ, చివరికి కొడుకు మొఖం చూడకముందే పూడ్చాల్సి వచ్చింది. అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. క్లబ్బులో చెబితే అందరూ బాగుందన్నారు. డబ్బు ఎక్కడిదన్నారు. అప్పుడు ఫుడ్ మేళా పెడదామని కూడా ఆమే అన్నది. అందుకని క్లబ్బు కాగితాల్లో ఆ ప్రాజెక్టుకు ఇన్‌చార్జిగా ఆమె పేరే రాశారు.

కాలేజీ గ్రౌండులో మేళా పెట్టారు. పానీపూరీ స్టాలు, బిర్యానీ స్టాలు, బజ్జీల స్టాలు చాలానే ఉన్నాయి. కానీ జనం క్యూ కట్టింది మాత్రం జొన్నరొట్టె, నాటుకోడి కూర దగ్గర. "తెలంగాణ రుచులు, చేయూత మహిళా విభాగం" అని పైన ఫ్లెక్సీ. ముందు కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూపన్లు చింపి ఇస్తున్నది శ్రీనివాస్ భార్య అరుంధతి. పరదా వెనక మూడు పొయ్యిల ముందు కూర్చుని, అరచేతుల మధ్య రొట్టె తట్టి పెనం మీద వేస్తున్నది దీవెన చిన్నమ్మ మరియమ్మ. ఆమె చేతి రొట్టె మధ్యలో మెత్తగా, అంచున కరకరలాడుతూ ఉంటుంది. మెయిన్ రోడ్డు పెద్దమనుషులు ప్లేటు ఊడ్చి మళ్లీ క్యూలో నిలబడ్డారు. శ్రీనివాస్ తల్లి నడవలేని మనిషి, కారులోనే కూర్చుని రెండోసారి అడిగి తెప్పించుకుని తిన్నది. శ్రీనివాస్ అయితే పరదా పక్కకు జరిపి లోపలికి తల పెట్టి, "ఇంకో నాలుగు పార్సల్ గట్టు మరియమ్మా, ఇంటికాడ పిల్లలు అడుగుతున్నరు," అన్నాడు. ఆమె ఎవరో, ఎక్కడి మనిషో ఆ రోజు ఆయనకు బాగానే తెలుసు. రొట్టెకు ఏ దోషమూ కనబడలేదు.

మేళా మీద వచ్చినదాంట్లో సగానికి పైగా ఆ ఒక్క స్టాలుదే. తక్కువ పడినది శ్రీనివాస్ వేశాడు. పెట్టె కొన్నారు. క్లబ్బు ఆనవాయితీ ప్రకారం పెట్టె ఒక పక్కన పేర్లు రాయించారు. పైన శ్రీనివాస్ తండ్రి పేరు, జ్ఞాపకార్థం అని పెద్ద అక్షరాల్లో. కింద కార్యవర్గం మొత్తం. మేళా రోజు ఊరికి వెళ్లిన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. మరియమ్మ పేరు లేదు.

దీవెన అడిగింది.

"స్టాల్ క్లబ్బుది గద మేడం. ఒక్కొక్కరి పేరు రాసుకుంట పోతే పెట్టె సాలదు," అన్నాడు శ్రీనివాస్ నవ్వుతూ.

ఇంటికొచ్చి చిన్నమ్మతో చెబితే ఆమె ఇంకా పెద్దగా నవ్వింది. "పీనుగుల పెట్టె మీద నా పేరెందుకే? ఇంక బతికే ఉన్న గద," అన్నది.

రోహిణి కార్తె ఎండల్లో ఒక తెల్లవారుజామున మరియమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. ఆమెకు ఒక్కతే కూతురు జ్యోత్స్న, అస్సాంలో సీఆర్పీఎఫ్ కానిస్టేబులు. సెలవు దొరికి, క్యాంపు నుంచి కిందికి దిగి, విమానం పట్టుకుని, హైదరాబాదు నుంచి బస్సెక్కి ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున ఎనిమిది కాకముందే రేకులు కాలుతున్నాయి. మరియమ్మ భర్త మత్తయ్య, ఒకప్పుడు రైసుమిల్లులో హమాలీ, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కలవాళ్లు సాయంత్రానికే సమాధి చేద్దామంటే తల అడ్డంగా ఊపాడు.

"బిడ్డ మొఖం సూడకుండ మట్టి ఎయ్యను. ఎవరన్నా ఎయ్యనీకొస్తే నన్ను గూడ అండ్లనే ఎయ్యుండ్రి."

దీవెన ఆయన భుజం మీద చేయి వేసింది. "నేను పోయి పెట్టె తెస్త చిన్నాయనా. అది మనదే," అన్నది. నిజంగానే అట్లా అనుకున్నది పాపం.

పెట్టె శ్రీనివాస్ మిల్లు గోదాములో ఉంటుంది. ఆయన అప్పుడే టిఫిన్ చేసి బయటికొచ్చాడు. క్లబ్బు ట్రాలీ నడిపే కొండల్ బండి తుడుస్తున్నాడు. వారం కింద ఇదే కొండల్ ఇదే ట్రాలీలో పెట్టెను సాగర్ రోడ్డులో ఒక ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి పెట్టాడు. ఆ ఇంటి ముందు శ్రీనివాస్, ఇంకో ముగ్గురు సభ్యులు కలిసి పెట్టెను దింపుతున్న ఫొటో ఇంకా క్లబ్బు గ్రూపులో ఉంది.

"ఇప్పుడే తెలిసింది మేడం. మంచి మనిషి, పాపం," అన్నాడు శ్రీనివాస్. "ఏమన్నా ఖర్చులకు కావాలంటే చెప్పుండ్రి. మొహమాటపడకుండ్రి."

"ఖర్చులకొద్దు సార్. బాక్స్ కావాలె. జ్యోత్స్న రేపు పగటాల దాటినంక గని రాదు."

శ్రీనివాస్ కొండల్ వైపు చూశాడు. కొండల్ టైరు వైపు చూశాడు.

"బాక్స్ రిపేర్ల ఉన్నది మేడం. కంప్రెసర్ పోయింది."

"ఎన్నడు పోయింది సార్?"

"మొన్ననే. అయినా మీరు ప్రార్థన చేసుకుని జల్ది చేసేస్తరు గద. మాకైతే చుట్టాలు, తంతు, లేటయితది."

దీవెన కదల్లేదు. అప్పటికే చెమటతో చీర వీపుకు అంటుకుపోయింది. ఇంట్లో ఐసుగడ్డ కరిగి గుమ్మం దాకా నీళ్లు వస్తుంటాయి. ఆమె అట్లా నిలబడే ఉండేసరికి శ్రీనివాస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మీకు తెల్వందేమున్నది మేడం. నేను గట్ల సూసేటోణ్ని గాదు. మీ చిన్నమ్మ చేతి రొట్టె తిన్న నేను. కని పెట్టె ఒక్కసారి పట్టాలు దాటి గాడికి పోయిందంటే, మల్ల మెయిన్ రోడ్డుల ఎవ్వరు తీస్కోరు. అంత ఖర్చు పెట్టింది మూలకు పడుతది. అందరి గురించి ఆలోచించాలె గద."

"అందరు అంటే ఎవరు సార్?"

ఆయన కొండల్‌ను గోదాము తలుపు వేయమన్నాడు.

అంటు అనే మాట ఇప్పుడు ఎవరూ నోటితో అనరు. పెద్ద చదువులు చదివారు, సేవాక్లబ్బులు పెట్టారు, ఆ మాట అంటే కేసవుతుందని కూడా తెలుసు. అందుకే రిపేర్ అంటారు. దీవెనకు అరవాలనిపించింది. గోదాము తలుపు తన్నాలనిపించింది. కానీ అరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. దుఃఖంలో ఉంది పాపం అంటారు, నీళ్లు తాగిస్తారు, పెట్టె గోదాములోనే ఉంటుంది.

"ఒక్క మాట చెప్పుండ్రి సార్. రిపేర్ల ఉన్నదా, ఇయ్యనంటున్నరా?"

"రిపేరే అనుకోండ్రి మేడం."

"నేను అనుకునుడు గాదు. మీరు చెప్పుండ్రి."

"రిపేరే."

"సరే సార్. గదే రాస్త."

మిల్లు గేటు బయట వేపచెట్టు కింద నిలబడి ఫోన్ తీసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు క్లబ్బుల వాళ్లూ ఉండే జోన్ గ్రూపు అది. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పువ్వులు, పండ్లు పంచిన ఫొటోలు తప్ప వేరే ఏమీ కనబడవు. అందులో ఎంతో మర్యాదగా రాసింది. మిర్యాలగూడ క్లబ్ ఫ్రీజర్ బాక్స్ పాడైందని మా ప్రెసిడెంట్ గారు చెప్పారు, మా చిన్నమ్మ మరియమ్మ ఈ ఉదయం చనిపోయారు, ఆమె కూతురు రేపు వస్తుంది, మీ దగ్గర బాక్స్ ఉంటే దయచేసి పంపండి, కిరాయి మేమే ఇస్తాం అని. ఒక్క ముక్క కూడా అబద్ధం రాయలేదు. అబద్ధం శ్రీనివాస్‌ది, ఆయన పేరుతోనే ఉంది.

పంపిన కాసేపటికే గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. ఆ బొమ్మల మధ్య నుంచి కోదాడ క్లబ్ ప్రెసిడెంట్ దశరథ ఫోన్ చేశాడు. పోయినేడు ఉత్తమ క్లబ్బుకిచ్చే జోన్ షీల్డు మిర్యాలగూడ వాళ్లు ఎగరేసుకుపోయినప్పటి నుంచి ఆ మనిషికి సరిగా నిద్రపట్టడం లేదని అందరికీ తెలుసు.

"అమ్మా దీవెనా, ఎంత పనైందమ్మా. మీదేమో కొత్త పెట్టె గదా, రెండు నెలలకే పాడైపోయిందా?" ఆ గొంతులో బాధ ఉంది, బాధ కింద సంతోషమూ ఉంది. "మా పెట్టె ఆరేళ్ల నాటిది, గుండ్రాయిలాగా ఉందమ్మా. ఇప్పుడే పంపిస్తున్నా. హుజూర్‌నగర్ మీదుగా వస్తే గంటన్నరలో మీ ఇంటి ముందుంటుంది. నేనే వస్తా."

"మంచిది సార్. మీ రుణం ఉంచుకోను."

"రుణమేంటమ్మా. మిర్యాలగూడకు కోదాడ చేయూత అని చిన్న ఫ్లెక్సీ కట్టుకొస్తాం, అంతే."

దీవెనకు ఒళ్లు మండింది. "ఫ్లెక్సీ వద్దు సార్," అన్నది.

"చిన్నదేనమ్మా," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమె పట్టాలు దాటి వాడలోకి వచ్చేలోపే శ్రీనివాస్ ఫోన్.

"గ్రూపుల ఎందుకు పెట్టిన్రు మేడం? జర డిలీట్ చేయుండ్రి."

"తప్పేం రాసిన సార్? మీరు చెప్పిందే రాసిన."

"కోదాడోల్లు బండి కట్టిన్రంట. జోన్ చైర్మన్ ఫోన్ చేసి, కొత్త బాక్స్ గింత జల్ది ఎట్ల పోయిందని అడుగుతున్నడు. కంపెనీ మీద కంప్లైంట్ ఇస్తడంట."

"మంచిదే గద సార్."

శ్రీనివాస్ గొంతు తగ్గించాడు. "మెకానిక్ ఒచ్చిండు మేడం. మనది మంచిగైంది. కొండల్‌తోని పంపుతున్న. కోదాడోల్లను ఎనుకకు పొమ్మనుండ్రి."

మొన్న చచ్చిపోయిన కంప్రెసర్ లేచి కూర్చున్నది. దీవెనకు ఆ పూట మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"కొండలన్న ఒక్కడు మోయలేడు సార్. మా గల్లీల ట్రాలీ పోదు, మూల మీదికెల్లి చేతుల మీద తేవాలె. సాగర్ రోడ్డుకు మీరు నలుగురు పోయి దింపిన్రు, ఫొటో ఉన్నది. గీడికి గూడ గట్లనే రావాలె."

"నేనెందుకు మేడం, మిల్లుల పనుంది."

"అయితే కోదాడోల్లది తీస్కుంట. వాళ్ల ప్రెసిడెంట్ వస్తున్నడు."

శ్రీనివాస్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, వెంట ముగ్గురు సభ్యులు. వాళ్లు గల్లీ మూల మీద దిగుతుండగానే కోదాడ బండి కూడా వచ్చి ఆగింది. దశరథ చిన్నదన్న ఫ్లెక్సీ బండి పొడవునా ఉంది. అందులో మరియమ్మ లేదు, పెట్టె లేదు, దశరథ మొఖమే ఉంది. రెండు పెట్టెలు, ఇద్దరు ప్రెసిడెంట్లు ఎదురెదురుగా నిలబడ్డారు. పొద్దున ఒక్క పెట్టె దొరకని వాడకు ఇప్పుడు రెండొచ్చాయి. వాడ వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

దశరథ దీవెన దగ్గరికి వచ్చి చెమట తుడుచుకున్నాడు. "మాదే ముందు బయల్దేరిందమ్మా. దింపించమంటారా?"

"మనది బాగైంది దశరథ గారూ. మీకు శ్రమ," అన్నాడు శ్రీనివాస్.

ఈ మాటలకు మత్తయ్య ఇంట్లోంచి బయటికొచ్చాడు. పొద్దున్నుంచి ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారి. ఒకదాని తర్వాత ఒకటి రెండు పెట్టెలనూ చూశాడు.

"గిండ్ల మీ చిన్నమ్మది ఏదే?" అని దీవెనను అడిగాడు.

"మిర్యాలగూడది చిన్నాయనా. చిన్నమ్మ రొట్టెలతోని వచ్చింది గదే."

"అయితే గదే తెమ్మను. వేరేటోల్లది మనకెందుకు?"

అంతే. దీవెన దశరథకు దండం పెట్టింది. అంత దూరం నుంచి వచ్చినందుకు నిజంగానే పెట్టింది. "మీరు వస్తనంటేనే మాది బాగైంది సార్. మీ మేలు మర్వను. కని ఫొటో మాత్రం తీయకుండ్రి," అన్నది. దశరథ జేబులోంచి సగం తీసిన ఫోన్ మళ్లీ లోపల పెట్టుకున్నాడు. కాసేపు నిలబడి, తన డ్రైవరుతో ఫ్లెక్సీ విప్పించి మడతపెట్టించాడు. తర్వాత తెచ్చిన దండ పట్టుకుని చెప్పులు బయట వదిలి ఇంట్లోకి నడిచాడు. ఆయనలో మనిషి లేకపోలేదు.

శ్రీనివాస్, మిగతా ముగ్గురూ పెట్టెను ఎత్తుకున్నారు. గల్లీ సన్నది, మధ్యలో మురుగు పారే మోరీ. ఒకచోట పెట్టెను భుజాల మీదికి లేపాల్సి వచ్చింది. తండ్రి పేరు ఉన్న పక్క శ్రీనివాస్ చెవికి ఆనుకుంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చూస్తున్నవాళ్లలో ఎవరూ సాయం పట్టలేదు. దీవెన ముందు నడుస్తూ దారి చూపించింది. జాలి పడాల్సిందేమో, ఆమెకు జాలి కలగలేదు.

మర్నాడు మధ్యాహ్నం జ్యోత్స్న వచ్చింది. భుజాన ఉన్న సంచీ కూడా దింపకుండా పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. అద్దం మూత తీయమన్నది. తీశారు. తల్లి చెంప మీద అరచేయి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచింది.

"సల్లగున్నది అక్కా," అన్నది.

దీవెన అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడ బయటపడింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని వాడంతా వినబడేలా ఏడ్చారు. మత్తయ్య కూతురి తల నిమురుతూ కూర్చున్నాడు. సాయంత్రం పాస్టరు ప్రార్థన చేశాక మరియమ్మను మట్టి చేశారు.

పెట్టెను తీసుకుపోవడానికి కొండల్ వచ్చాడు. ఫ్లెక్సీలు రాకముందు మిర్యాలగూడలో సగం దుకాణాల బోర్డులు రాసిన చేయి కొండల్‌ది. దీవెన ఆయనను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"కొండలన్నా, ఇంట్ల పెయింట్ ఉన్నదా?"

"ఉన్నదమ్మా. దేనికి?"

ఆమె చెప్పింది. కొండల్ చాయ్ తాగడం ఆపి ఆమె మొఖం చూశాడు. "సేటు నన్ను పనిలకెల్లి తీసేస్తడు," అన్నాడు.

"అడిగితే నేను రాయమన్నానని చెప్పు. ఈ ప్రాజెక్టుకు ఇన్‌చార్జిని నేనే గద."

కొండల్ మిగిలిన చాయ్ తాగేశాడు. సైకిల్ మీద వెళ్లి ఎర్ర పెయింటు డబ్బా, రెండు కుంచెలు తెచ్చాడు. పాత పేర్లు ఒక్కటి కూడా చెరపలేదు. పెట్టె రెండో పక్క ఖాళీగా ఉంది. పేర్లకు చోటు సాలదన్న పెట్టె అది. ఆ పక్కన, దూరం నుంచి కూడా కనబడేంత అక్షరాలతో రాశాడు.

"వంట చేసి ఈ పెట్టె కొన్నది, ఈ పెట్టెలోనే పడుకుని పోయింది: మరియమ్మ, పట్టాల అవతల."

ఆ ఆదివారం క్లబ్బులో పెద్ద గొడవైంది. శ్రీనివాస్ లేచి నిలబడి, "ఇగ అయిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవడు ముట్టుకుంటడు?" అన్నాడు.

"ముట్టుకోకపోతే మా వాడల ఉంటది సార్," అన్నది దీవెన. "మా దగ్గర గూడ మనుషులు సస్తరు. ఎండలు మాకు గూడ కొడుతయి."

పేరు చెరపాలని ఒకాయన, ఆమెను క్లబ్బు నుంచి తీసేయాలని ఇంకొకాయన అన్నారు. "తీసేయుండ్రి. కని ఎందుకు తీసిన్రో జోన్ గ్రూపుల రాయుండ్రి. రాయనీకె రాకపోతే నేను రాసిస్త," అన్నది. ఎవరూ రాయలేదు. ఎవరూ తీసేయలేదు. కొండల్ పని కూడా పోలేదు. పెట్టె మాత్రం గోదాముకు పోలేదు, దీవెన ఇంటి వరండాలో ఉండిపోయింది. ఆ పక్క నుంచి పోయే పిల్లలు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుండేవాళ్లు.

వానలు ఇంకా పడలేదు. జూన్‌లో ఒక మధ్యాహ్నం దీవెన అన్నం తింటుంటే ఫోన్ మోగింది. శ్రీనివాస్.

"మేడం, అమ్మ పోయింది."

దీవెన చేయి కంచంలోనే ఆగిపోయింది. కారులో కూర్చుని రెండోసారి రొట్టె అడిగిన ముసలామె గుర్తొచ్చింది.

"అయ్యో. ఎప్పుడు సార్?"

"ఇప్పుడే, గంట కింద. అక్క కాశీ యాత్రల ఉన్నది. రేపటికి గని రాదు." వెనక ఎవరో పిలిస్తే వస్తున్నానని చెప్పి మళ్లీ అన్నాడు. "బాక్స్ కావాలె మేడం."

రిపేర్ల ఉన్నది సార్. ఆ మాట దీవెన నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత కమ్మగా ఉంటుందో ఆ మాట అంటే. ఇన్నాళ్లుగా ఆమె లోపల ఎక్కడో దాన్ని దాచుకుని ఉంది. కానీ ఎండలో ఐసుగడ్డ ఎట్లా కరుగుతుందో ఆమె చూసింది. మింగేసింది.

"పంపుత సార్. ఇప్పుడే పంపుత."

"మేడం, ఒక్క మాట." శ్రీనివాస్ ఆగాడు. "చుట్టాలు పక్కాలు అందరొస్తరు. ఆ పేరున్న దిక్కు ఒక గుడ్డ కప్పుకుంటం. ఏమనుకోకుండ్రి."

తల్లి చచ్చిన మనిషితో మాట్లాడుతున్నానని దీవెనకు తెలుసు. అయినా చెప్పాల్సింది చెప్పింది.

"కప్పొద్దు సార్. గుడ్డ కప్పితే పెట్టె రాదు."

ఫోన్లో వెనక నుంచి ఆడవాళ్ల ఏడుపు, ఎవరో ఐసు అని అరుస్తున్న గొంతు.

"సరే," అన్నాడు చివరికి. "పంపుండ్రి."

"మా వాడ పిలగాండ్లు మోసుకొస్తరు సార్. ఇంట్ల దాక వస్తరు."

"రానియ్యుండ్రి మేడం."

కొండల్ ట్రాలీ ముందు సీట్లో దీవెన కూర్చుంది. వెనక పెట్టెను పట్టుకుని వాడ కుర్రాళ్లు నలుగురు. పట్టాల గేటు దాటి మెయిన్ రోడ్డులో ఆ రెండంతస్తుల ఇంటి ముందు ఆగారు. గుమ్మం దగ్గర జనం ఒక్క క్షణం కదల్లేదు, తర్వాత పక్కకు తప్పుకున్నారు. కుర్రాళ్లు పెట్టెను మోసుకుని గడప దాటి హాల్లోకి తీసుకెళ్లారు. వాళ్లలో ఎవరూ అప్పటిదాకా ఆ గడప దాటినవాళ్లు కాదు. పెట్టెను ఏ దిక్కుకు పెట్టాలో దీవెనే చెప్పింది. మరియమ్మ పేరు వాకిలి వైపు వచ్చింది.

ముసలామెను పడుకోబెట్టారు. ప్లగ్గు పెట్టారు. అద్దం మీద మెల్లగా చల్లటి చెమ్మ పట్టింది. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి దండలు వేస్తున్నారు. కర్ర పట్టుకున్న ఒక పెద్దమనిషి వంగి దండ పెడుతూ ఎర్ర అక్షరాలు చదివి తల ఎత్తాడు.

"మరియమ్మ ఎవరు?" అని అడిగాడు.

హాల్లో అందరూ శ్రీనివాస్ వైపు చూశారు. ఆయన నేల చూశాడు. తల దగ్గర దీపం సర్దుతున్న అరుంధతి జవాబు చెప్పింది.

"రొట్టెలు చేసినామె. మా అత్తమ్మ రెండుసార్లు అడిగి మరీ తిన్నది."

పెద్దమనిషి తలాడించి పక్కకు జరిగాడు. వెనకవాళ్లు ముందుకొచ్చారు. దండల మీద దండలు పడుతున్నాయి. బంతిపూల పెద్ద దండ ఒకటి అద్దం మీది నుంచి జారి, పెట్టె పక్కకు వేలాడి, మరియమ్మ పేరు మీద పడింది. అది జారిందో, ఎవరైనా జార్చారో చెప్పడం కష్టం.

దీవెన అందరి మధ్య నుంచి ముందుకు వెళ్లి, వంగి, ఆ దండను పక్కకు జరిపింది.